పక్కలు ముట్టుకోని పదును

ఇంటి షెడ్డులో లేత్ (లోహాన్ని తిప్పుతూ కోసే యంత్రం) పెట్టుకున్న పాతతరం వాళ్ల డ్రాయర్ తెరిస్తే థ్రెడ్ టూళ్లు, అంటే బోల్టు మరలు కోసే పనిముట్లు, మిగతా వాటిలోంచి ఇట్టే తెలిసిపోయేవి. కడ్డీని చెక్కి సన్నబరిచే టర్నింగ్ టూల్ వాడేకొద్దీ పొట్టిదవుతుంది. థ్రెడ్ టూల్ పొడవు మాత్రం దాదాపు అలాగే ఉంటుంది, కొస దగ్గర వీపు, అంటే పై ముఖం, దిగిపోతుంది. ఏళ్ల తరబడి వాడిన 10 మి.మీ. బిట్ (టూల్‌గా చేసుకునే ఉక్కు ముక్క) కొస 7 మి.మీ. ఎత్తుకి అరిగిపోయి, అరిగిన చెప్పులా కనిపించేది. ఆ ఆకారాన్ని చూస్తేనే దాని యజమానికి పని తెలుసో లేదో చెప్పేయొచ్చు. వీపు అలాగే ఉండి పక్కలు అరిగాయంటే, పదును పెట్టిన ప్రతిసారీ ఆయన మర గాడికి ఉండాల్సిన 60 డిగ్రీల కోణాన్ని కొత్తగా వెతుక్కుంటున్నాడని అర్థం.

ఆ రోజుల్లో కొత్తగా నేర్చుకునేవాళ్లకి మొదట పడే అరుపు కూడా అదే: "పక్కలు ముట్టుకోకు!" థ్రెడ్ కోసే పనిముట్టులో మరచుట్టు ఆకారం ఒక ముఖం మీద ఉంటుంది, పదును మరో ముఖం మీంచి వస్తుంది. టూల్ బిట్ అయినా, ట్యాప్ (రంధ్రం లోపల మర కోసేది) అయినా, డై (కడ్డీ మీద మర కోసే బిళ్ల) అయినా, చేజర్ (దువ్వెనలా వరస పళ్లున్న టూల్) అయినా అంతే. ఆకారమున్న ముఖాన్ని ఒక్కసారే చేస్తారు. ఆ తర్వాత రాయి తగలాల్సింది రెండోదానికే.

ఆ ఒక్కసారి చేయడానికే అసలు ఓపిక కావాలి. బిట్ పై ముఖాన్ని ముందు సానరాయి మీద చదునుగా రుద్ది, నూనె మరక లేకుండా తుడిచి, మైలుతుత్తం కరిగించిన నీళ్లు పూసేవాళ్లు. నిమిషంలో ఉక్కు మీద పల్చటి రాగి పొర ఏర్పడుతుంది. దాని మీద సెంటర్ గేజ్ (60 డిగ్రీల గాట్లున్న కొలత రేకు) ఆనించి గీతసూదితో 60 డిగ్రీల వి గీస్తే, గ్రైండర్ లైటు కింద కూడా గీత మెరుస్తూ కనిపించేది. మార్కర్ పెన్ను రంగు నీళ్లలో రెండుసార్లు ముంచేసరికి పోతుంది. రాగి పొర పోదు. ఆ పొర కోసమే గ్రైండర్ పక్కన చిన్న గాజు సీసా ఒకటి ఎప్పుడూ ఉండేది.

గ్రైండర్‌కి రెండు చక్రాలు. ఒకవైపు మోటుపనికి 36 లేదా 46 గ్రిట్ (రాయి రవ్వ సైజు, అంకె పెరిగితే సన్నం), రెండోవైపు తెల్ల అల్యూమినియం ఆక్సైడ్ 60 గ్రిట్. థ్రెడ్ టూల్ చివరి ముస్తాబు ఆ తెల్ల చక్రం మీదే. చక్రం ముఖం గుంతపడి ఉంటే టూల్ పక్క వంపు తిరుగుతుంది. వంపు తిరిగిన పక్క గేజ్‌లో మధ్యలో తాకి, మొన దగ్గరా మొదట్లోనూ వెలుతురు చూపిస్తుంది. కాబట్టి పని మొదలుపెట్టే ముందే డ్రెసర్‌తో చక్రాన్ని చదును చేయాలి. వజ్రపు డ్రెసర్ అయితే తిరిగే దిశకి 10 నుంచి 15 డిగ్రీలు వెనక్కి వాల్చి, ఒక్కో పాస్‌కి 0.02 మి.మీ. మించకుండా. టూల్ రెస్ట్‌కీ చక్రానికీ మధ్య సందు 3 మి.మీ. దాటకూడదు. ఆ సందులోకి సన్న బిట్ జారి ఇరుక్కుందంటే ముందు పగిలేది చక్రమే. కొత్త చక్రం బిగించే ముందు చెక్కపిడితో తట్టి వింటే ఖంగుమనాలి, మొద్దుగా మోగితే బిగించకూడదు. చక్రం రెండు పక్కలా ఉండే కాగితపు వాషర్లు తీసి పారేసేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. అవి అలంకారం కాదు, చక్రాన్ని బిగించే ఫ్లాంజి ఒత్తిడి ఒకేచోట పడకుండా సర్దేవి అవే.

ఇక కోణాలు. మొనకి 60 డిగ్రీలు, అంటే ఒక్కో పక్క 30. అది అందరికీ తెలిసిందే. చాలామంది తడబడేది పక్కల కింద ఇచ్చే క్లియరెన్స్ (టూల్ ఒళ్లు గాడిని రుద్దకుండా ఇచ్చే వాలు) దగ్గర. కుడిచేతి మర కోసేటప్పుడు టూల్ హెడ్‌స్టాక్ (లేత్‌ని తిప్పే తల) వైపు, అంటే ఎడమకి నడుస్తుంది, జాబ్ (కోస్తున్న ముక్క) టూల్ దగ్గర కిందికి తిరుగుతుంది. కాబట్టి కోసిన గాడి టూల్ మొన కిందికి పోయేకొద్దీ కుడివైపు వాలుతుంది. టూల్ ఒళ్లు కూడా అలాగే వాలి ఉండకపోతే ఎడమ పక్క మడమ, అంటే అంచు కింది భాగం, గాడిని రుద్దుతుంది. ఆ వాలు ఎంత అన్నది పిచ్‌ని (ఒక మరకీ పక్క మరకీ మధ్య దూరం), పిచ్ వ్యాసం (మర ఎత్తు నడుమ కొలిచే వ్యాసం) చుట్టుకొలతతో భాగిస్తే తెలుస్తుంది. ఎమ్10కి, అంటే 10 మి.మీ. మెట్రిక్ మరకి, పిచ్ 1.5, పిచ్ వ్యాసం 9.026 మి.మీ. లెక్క కడితే దాదాపు 3 డిగ్రీలు. ఎమ్20కి 2.5 పిచ్‌తో 2.5 డిగ్రీలు. ట్రాపిజాయిడల్ 20×4కి 4 డిగ్రీలు. అదే 20 మి.మీ. స్క్రూ రెండు స్టార్టులదై (రెండు మరలు పక్కపక్కన చుట్టినదై) లీడ్, అంటే ఒక చుట్టుకి నడిచే దూరం, 8 మి.మీ. అయితే ఒక్కసారిగా 8 డిగ్రీలవుతుంది.

అసలు క్లియరెన్స్ 5 డిగ్రీలు కావాలనుకుంటే ఎమ్10కి ఎడమ పక్క 5కి 3 కలిపి 8, కుడి పక్క 5లోంచి 3 తీసి 2. రెండు పక్కలా 8 ఇచ్చేస్తే గొడవ లేదు కదా అంటారు. నిజమే, రుద్దుకోదు. కానీ మొన కింద బలం పోతుంది, రెండో జాబ్‌కే మొన రాలుతుంది. ఎడమచేతి మరకి ఈ లెక్క తిరగబడుతుంది. కుడిచేతి మరకి చేసిన టూల్‌తో ఎడమచేతి మర కోయబోతే ఒక పక్క నున్నగా, రెండో పక్క గీరుకుపోయి వచ్చేది అందుకే.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. పక్కలకి అంచుకి నిట్టనిలువుగా కొలిచి 5 డిగ్రీల చొప్పున క్లియరెన్స్ ఇస్తే, రెండు పక్కలూ కలిసే మొన గీతకి దానంతటదే దాదాపు 10 డిగ్రీల ముందు క్లియరెన్స్ వచ్చేస్తుంది. 30 డిగ్రీల సైన్ సగం కాబట్టి ముందువైపు వాలు రెట్టింపవుతుంది. మొనకి చదును ఇచ్చేటప్పుడు కూడా రాయిని ఆ 10 డిగ్రీలకే వాల్చి పట్టాలి. అప్పుడే పై ముఖాన్ని ఎన్నిసార్లు రుద్దినా మొన చదును వెడల్పు మారదు. రాయిని అంతకంటే ఎక్కువ వాల్చితే, పై ముఖం దిగిన ప్రతిసారీ చదును వెడల్పవుతూ పోతుంది. తక్కువ వాల్చితే సన్నబడుతుంది. మొదటి రోజు సరిగ్గా ఉన్న టూల్ ఆరునెలలకి వేరే పిచ్ టూల్‌గా మారడానికి కారణం ఇదే.

ఆ చదును ఎంతంటే పిచ్‌లో ఎనిమిదో వంతు. 1 మి.మీ. పిచ్‌కి 0.125, 1.5కి 0.19, 2కి 0.25. ఇంత సన్నటి చదును గ్రైండర్ మీద రాదు. సన్న సానరాయి ముక్కని నూనెలో తడిపి మూడు నాలుగు రుద్దులు, భూతద్దంలో చూడటం, మళ్లీ ఒక రుద్దు. చదును లేకుండా సూదిమొనతో కోస్తే రెండు నష్టాలు. మొన ముందు రాలిపోవడం ఒకటి. గాడి అడుగు సూదిలా ఉండి బోల్టు అక్కడే చీలడం రెండోది. లోతు లెక్క కూడా మారుతుంది. సూదిమొనకి లోతు పిచ్‌కి 0.758 రెట్లు, ఎనిమిదో వంతు చదునుకి 0.65 రెట్లు. 1.5 పిచ్‌లో 1.14 మి.మీ.కీ 0.97 మి.మీ.కీ ఉన్న తేడా అది. ఒక టూల్‌కి పనికొచ్చిన డయల్ అంకెని ఇంకో టూల్‌కి వాడి, జాబ్ పాడుచేసుకుని, మెట్రిక్ పట్టికని తిట్టుకున్నవాళ్లకి లెక్కలేదు.

విట్‌వర్త్ మర సంగతి వేరు. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ 55 డిగ్రీలు అన్నాడు, అడుగూ శిఖరమూ గుండ్రంగా ఉండాలన్నాడు. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ 60 డిగ్రీలు, చదును శిఖరం చాలన్నాడు, చేయడానికి తేలిక అని. గ్రైండర్ ముందు నిలబడ్డవాడికి సెల్లర్స్ మాటే ముద్దు. విట్‌వర్త్ మొనకి పిచ్‌లో 0.1373 వంతు వ్యాసార్థంతో గుండ్రం చేయాలి. పైపు మరల బ్రిటిష్ ప్రమాణం బీఎస్‌పీలో ఇప్పటికీ 55 డిగ్రీలే కాబట్టి ఆ గేజ్‌నీ డ్రాయర్‌లో ఉంచుకునేవాళ్లు. రెండు గేజ్‌లూ ఒకే నూనెగుడ్డలో చుట్టి పెట్టడమే పొరపాటు. కంటికి రెండూ ఒకేలా ఉంటాయి. ఒక్కో పక్క తేడా రెండున్నర డిగ్రీలే. పొరపాటున తీసిన గేజ్‌తో టూల్ చేస్తే అది ఆ గేజ్‌లో చక్కగా కూర్చుంటుంది, నట్టు మాత్రం రెండు చుట్లెక్కి బిగుసుకుంటుంది. లోతు చాలలేదేమోనని ఇంకా కోస్తే బోల్టు వదులైపోతుంది కానీ బిగింపు అందదు.

గేజ్‌లో టూల్ చూసే పద్ధతి కూడా చెప్పాలి. గేజ్‌ని టూల్ పై ముఖానికి సమాంతరంగా పట్టి, వెనక తెల్లకాగితం ఉంచి, వెలుతురు గీత చూస్తారు. గేజ్‌ని క్లియరెన్స్ వాలు వెంట కిందికి వాల్చి చూస్తే కోణం తప్పుగా కనిపిస్తుంది. పై ముఖానికి రేక్ (అంచు నుంచి వెనక్కి దిగే వాలు) ఉంటే ఇంకో మెలిక. 10 డిగ్రీల రేక్ ఇచ్చిన ముఖం మీద 60 డిగ్రీలు కొలిచి చేస్తే, జాబ్ మీద పడే కోణం దాదాపు 60.8 అవుతుంది. మెత్తటి ఉక్కుకి రేక్ ఉంటే చిప్ (కోతలో ఊడే లోహపు చుట్ట) హాయిగా వస్తుందని ఆశపడతారు. మోటు కోతకి ఒక టూల్ రేక్‌తో, చివరి పాస్‌లకి రేక్ లేని టూల్ ఒకటి పెట్టుకున్నవాళ్లే తెలివైనవాళ్లు. ఒకటే టూల్ అయితే పై ముఖం చదునుగా ఉండటమే మేలు. ఇత్తడికి రేక్ ఇస్తే టూల్ లోపలికి గుంజుకుంటుంది, దానికైతే అసలే వద్దు.

హెచ్ఎస్ఎస్ వేడికి ఓర్చుకునే ఉక్కు. టేలర్, వైట్ అనే ఇద్దరు బెత్లెహెం స్టీల్‌లో పందొమ్మిదో శతాబ్దం చివర్లో దీన్ని కాచి గట్టిపరిచే పద్ధతి కనిపెట్టారు. 1900లో పారిస్ ప్రదర్శనలో మొన ఎర్రబడ్డా కోస్తూనే ఉన్న టూల్‌ని చూసి జనం నోళ్లు వెళ్లబెట్టారట. 600 డిగ్రీల దాకా దాని గట్టితనం నిలుస్తుంది. పాత కార్బన్ ఉక్కు అలా కాదు. గ్రైండర్ మీద 230 డిగ్రీల దగ్గర లేత గడ్డిరంగు, 300 దగ్గర నీలం కనిపిస్తాయి. నీలం కనిపించిందంటే ఆ మొన పని అయిపోయినట్టే. ఆ నీలాన్ని రుద్దేసి రంగు పోయింది కదా అని వాడేవాళ్లుంటారు. పోయింది రంగే, మెత్తబడ్డ ఉక్కు అలాగే ఉంటుంది. నీలం తిరిగిన మేర మొత్తం కోసేసి మళ్లీ చేయాల్సిందే.

హెచ్ఎస్ఎస్‌ని నీళ్లలో ముంచాలా వద్దా అన్నది షెడ్డుల్లో ఎన్నటికీ తెగని వాదం. ముంచకూడదనేవాళ్ల మాటలో సగం నిజముంది. ఎర్రబడేదాకా ఒత్తి, ఒక్కసారి చన్నీళ్లలో పడేస్తే మొనలో కంటికి కనబడని బీటలు పడతాయి. అవి మూడో పాస్‌లో ముక్కలై రాలుతాయి. చేతికి వేడి తగలగానే, రంగు రాకముందే ముంచుతూ పోతే ఏ బీటా పడదు. వేళ్లతో నేరుగా పట్టుకోవడమే అందుకు థర్మామీటర్. గ్లవ్స్ వేసుకుంటే ఆ కబురు వేళ్లకి చేరదు. పైగా తిరిగే చక్రం గ్లవ్స్‌ని పట్టి లాగితే చెయ్యి కూడా వెంట పోతుంది. కళ్లద్దాలు తప్పనిసరి, గ్లవ్స్ నిషిద్ధం.

డ్రాయర్ అడుగున దొరికిన పాత ట్యాప్ ఏ ఉక్కో చెప్పింది కూడా నిప్పురవ్వలే. చక్రానికి షాంక్ (పట్టుకునే కాడ) కొస తాకిస్తే కార్బన్ ఉక్కుది తెల్లగా, పసుపుగా, కొసల్లో చిచ్చుబుడ్డిలా పువ్వులు పూస్తుంది. హెచ్ఎస్ఎస్‌ది మసక ఎరుపు, సన్నటి గీతలు, పువ్వులు దాదాపు ఉండవు. ఆ తేడా తెలియకుండా కార్బన్ ట్యాప్‌ని హెచ్ఎస్ఎస్‌లా ఒత్తి పట్టినవాళ్లకి మిగిలేది నీలం కొస.

టూల్‌ని మళ్లీ పదును పెట్టే పని, చేయడం కన్నా చాలా తేలిక, చెడగొట్టుకోవడం కూడా అంతే తేలిక. సానరాయిని బెంచి మీద చదునుగా పెట్టి, కిరసనాయిలు కలిపిన పల్చటి నూనె వేసి, బిట్‌ని తలకిందులుగా తిప్పి పై ముఖాన్ని పూర్తిగా రాయికి ఆనించి రుద్దాలి. మొన ఒక్కటే అరగాలని తోక కొంచెం పైకెత్తితే అంచు గుండ్రమవుతుంది. చూపుకి మెరుస్తుంది, కోతకి మొద్దు. చాలామంది టూళ్లు రుద్దిన కొద్దీ మొద్దుబారడానికి కారణం ఈ తోకెత్తడమే. పదును వచ్చిందో లేదో చూడటానికి అంచుని లైటుకి ఎదురుగా తిప్పేవాళ్లు. మొద్దు అంచు సన్నటి తెల్లగీతలా వెలుతురు విసురుతుంది, పదునైన అంచు అసలు కనబడదు. గోరు మీద మెల్లగా ఆనిస్తే జారకుండా పట్టుకోవాలి.

రాయి మీద ఒక విడతలో పోయేది 0.05 మి.మీ. మించదు. 1 మి.మీ. దిగేసరికి 10 డిగ్రీల వాలుకి మొన వెనక్కి పోయేది 0.18 మి.మీ. మాత్రమే. అందుకే పొడవు తరగలేదనిపిస్తుంది. ఎత్తు మాత్రం దిగుతుంది, కింద ప్యాకింగ్ (ఎత్తుకోసం పెట్టే సన్న రేకులు) పెంచాలి. జాబ్ సెంటర్‌కి మొన సరిగ్గా చేరిందో లేదో చూసేందుకు సన్న స్టీలు స్కేలు చాలు. మొనకీ జాబ్‌కీ మధ్య స్కేలుని మెల్లగా నొక్కితే నిలువుగా నిలబడాలి. స్కేలు పైకొస మన వైపు వాలితే టూల్ కిందుంది, అటువైపు వాలితే పైనుంది. ఎత్తు తప్పిన టూల్ రేక్‌నీ క్లియరెన్స్‌నీ రెంటినీ మార్చేస్తుంది. పైకెక్కితే క్లియరెన్స్ పోయి రుద్దుతుంది, కిందికి దిగితే చిన్న వ్యాసాల మీద జాబ్ టూల్ మీదికెక్కుతుంది.

పదును ఎంత బాగున్నా కోసే పద్ధతి చెడగొట్టేయగలదు. టూల్‌ని నేరుగా లోపలికి తోస్తే రెండు పక్కలూ ఒకేసారి కోస్తాయి, రెండు చిప్‌లు మొన దగ్గర ఒకదాన్నొకటి ఢీకొని ఇరుక్కుంటాయి, గాడి చిరుగుతుంది. టూల్‌ని వాలుగా నడిపే కాంపౌండ్ స్లయిడ్‌ని 29.5 డిగ్రీలకి తిప్పి దానితోనే లోతు ఇస్తే ఎడమ అంచు కోస్తుంది, కుడి అంచు సన్నగా గీకి నునుపు చేస్తుంది. 1.5 పిచ్‌కి 0.97 లోతు కావాలంటే కాంపౌండ్ డయల్ మీద దాదాపు 1.12 మి.మీ. నడపాలి. మొదట్లో 0.2, తర్వాత 0.1, చివర్లో 0.02. ఆఖరున లోతు ఇవ్వకుండానే రెండు పాస్‌లు. ఆ ఖాళీ పాస్‌ల్లో కూడా సన్న చిప్ వస్తూనే ఉంటే టూల్ మొద్దుబారి వంగుతోందని తెలుసుకోవాలి.

లోపలి మరల టూల్‌కి మడమ బాధ ఎక్కువ. రంధ్రం గోడ టూల్ కిందకి వంపు తిరిగి వస్తుంది కాబట్టి మొన కింద 10 డిగ్రీలు చాలవు. అలాగని మొత్తం 25 ఇచ్చేస్తే మొన నిలవదు. మొన కింద 2 మి.మీ. దాకా 10, ఆ కింద 25 లేదా 30, ఇలా రెండంచెలుగా చేసేవాళ్లు. దీన్నీ పై ముఖం మీదే రుద్దాలి.

ట్యాపుల దగ్గరికొస్తే జనం ముందు పాడుచేసేది పళ్ల పక్కల్నే. మొద్దు ట్యాప్‌ని తీగబ్రష్‌తో తోమి, పళ్ల మధ్య మూడుమూలల రాయి పెట్టి గీకేవాళ్లని చూస్తే ప్రాణం ఉసూరుమనేది. ట్యాప్‌లో కోసేది ముందున్న వాలు పళ్లే. ట్యాపులు మూడేసి సెట్టుగా ఉంటాయి. ముందు దించే టేపర్ ట్యాప్‌లో ఆ వాలు 8 పళ్లదాకా, కోణం 4 నుంచి 5 డిగ్రీలు. సెకండ్‌లో 4 పళ్లు, 9 డిగ్రీలు. ప్లగ్‌లో 2 పళ్లు లేదా ఒకటిన్నర, దాదాపు 20 డిగ్రీలు. వెనక ఉన్న నిండు పళ్లు దారి చూపించడానికే, అవి మొద్దుబారవు. కాబట్టి పదును పెట్టాల్సిన చోట్లు రెండే: ముందు వాలు, ఫ్లూట్ (చిప్ పోయే నిలువు గాడి) లోపలి ముఖం.

ముందు వాలు చేతితో చేయొచ్చు. ట్యాప్‌ని చక్రానికి ఆ కోణంలో ఆనించి, ఒక్కో ల్యాండ్‌ని (రెండు ఫ్లూట్ల మధ్య పళ్లున్న గట్టుని) కోత అంచు దగ్గర మొదలుపెట్టి మడమ వైపు చుడుతూ, మడమ దగ్గర కొంచెం ఎక్కువ పోయేలా తిప్పాలి. మడమ పైకి మిగిలితే ట్యాప్ అసలు పట్టదు, ఎంత ఒత్తినా రంధ్రం నోట్లో మెరుపు వేసి ఊరుకుంటుంది. నాలుగు ల్యాండ్‌లకీ సమానంగా రావడమే కష్టం. నీలిరంగు పూసి, ఒక్కో ల్యాండ్‌కి రుద్దులు లెక్కపెట్టుకుంటూ చేసి, వి బ్లాకులో పెట్టి, కోత అంచుల మీద డయల్ గేజ్ చూస్తే తేడా తెలుస్తుంది. పరీక్ష ఇంకా తేలిక: మైల్డ్ స్టీల్ ముక్కలో నాలుగు చుట్లు దించి తీసి చూడాలి. నాలుగు ఫ్లూట్లలోనూ ఒకే రకం చిప్ ఉంటే సరి. ఒక ఫ్లూట్ నిండి మిగతావి ఖాళీ అయితే ఆ ఒక్క ల్యాండ్ పొడుగ్గా మిగిలింది. అలాంటి ట్యాప్ పక్కకి ఒరుగుతుంది, రంధ్రం పెద్దదవుతుంది, ఏదో ఒకరోజు లోపలే విరుగుతుంది.

కొస విరిగిన టేపర్ ట్యాప్ చెత్తబుట్టకి పోయేది కాదు. విరిగినంత మేర చదును చేసి 9 డిగ్రీల వాలు పెడితే సెకండ్, 20 పెడితే ప్లగ్. ఒక ట్యాప్ మూడు జన్మలెత్తడం మామూలే.

ఫ్లూట్ ముఖం చేయాలంటే సన్న డిష్ చక్రాన్ని ఫ్లూట్ వంపుకి తగ్గట్టు డ్రెస్ చేయాలి. అది లేనివాళ్లు గుండ్రటి సానపుల్లతో చేతితోనే చేసేవాళ్లు. ఉక్కుకి 8 నుంచి 12 డిగ్రీల రేక్, పోత ఇనుముకీ ఇత్తడికీ సున్నా నుంచి 5, అల్యూమినియంకి 15 పైన. ఇత్తడికని ఉన్న రేక్‌తో ఉక్కు కోయబోతే చేతులు నొప్పెడతాయి. ఉక్కుది ఇత్తడిలో పెడితే గుంజుకుని దూసుకుపోతుంది. ట్యాప్ మొద్దుబారిందని అనుకునే సగం సందర్భాల్లో తప్పు అసలు ట్యాప్‌ది కాదు, డ్రిల్‌ది. ఎమ్6కి 5, ఎమ్8కి 6.8, ఎమ్10కి 8.5, ఎమ్12కి 10.2. ఎమ్8కి 6.5 వేసి ట్యాప్‌ని తిట్టకూడదు.

డై పని ఓపిక మీద నడిచేది. గ్రైండర్ దానికి పనికిరాదు. చిప్ పోయే గుండ్రటి కంతల్లోకి 3 మి.మీ. సానపుల్ల దూర్చి, పళ్ల ముందు ముఖాన్ని మాత్రం రుద్దాలి, ఒక్కోదానికి సరిగ్గా పది రుద్దులు. లెక్క తప్పితే ఒక పన్ను వెనకబడుతుంది, మిగతావి దాని వాటా మోస్తాయి. మొదట్లోనే పదును మొత్తం పోయేది ఎక్కే వైపు ఉన్న రెండు మూడు పళ్లకే. అవి మరీ రాలిపోతే డైని తిరగేసి వాడేవాళ్లు, కానీ ఆ వైపు వాలు పొట్టిగా ఉంటుంది కాబట్టి బోల్టు కొసని బాగా వాలుగా చెక్కి (చాంఫర్ చేసి) మొదలుపెట్టాలి. చీలిక డైకి ఉండే స్క్రూతో మొదట కొంచెం తెరిచి ఒక పాస్, తర్వాత మూసి ఇంకో పాస్.

చేజర్లకి చెప్పడానికి పెద్దగా లేదు. చేతి చేజర్‌ని పై ముఖం మీద రాయికి ఆనించి రుద్దడమే, పళ్లు ముట్టుకునే పనే లేదు. డై హెడ్ అనే పట్టులో బిగించే చేజర్లు 1 నుంచి 4 అంకెలతో సెట్టుగా ఉంటాయి, ఒక్కోటి పావు పిచ్ జరిగి ఉంటుంది. నాలుగింటినీ ఒకే కొలతకి గ్రైండ్ చేయాలి, అంకె మారిస్తే మర చిరిగిపోతుంది.

తర్వాత కార్బైడ్ ఇన్సర్టులొచ్చాయి, అంటే హోల్డర్‌లో బిగించే చాలా గట్టి చిన్న ముక్కలు. ఆకారమూ పదునూ కలిసే డబ్బాలో వస్తాయి, మూడు మొనలు అయిపోతే పారేయడమే. ఉక్కు కాడకి కరిగించి అతికించిన (బ్రేజ్ చేసిన) కార్బైడ్ టూళ్లని మాత్రం ఆకుపచ్చ సిలికాన్ కార్బైడ్ చక్రం మీద, నీళ్లు తాకించకుండా పట్టేవాళ్లు. వేడిమీద తడిపితే అది గాజులా చిట్లుతుంది. కానీ ఇంటి లేత్‌కి అంత వేగమూ ఉండదు, అంత బిగువూ ఉండదు. తిరుగుడు నిమిషానికి 60, 80 చుట్ల దగ్గర పెట్టి భుజం దాకా థ్రెడ్ కోసేచోట కార్బైడ్ మొన టక్కున రాలుతుంది. అక్కడ ఇప్పటికీ హెచ్ఎస్ఎస్ మొనదే రాజ్యం.

పని ముగిశాక బిట్‌ని తుడిచి, నూనె కాగితంలో చుట్టి, దాని ప్యాకింగ్ రేకుల్ని దానితోనే దారంతో కట్టేవాళ్లు. కాగితం మీద పెన్సిలుతో 60 డిగ్రీలు, 1.5 పిచ్, కుడి, ప్యాకింగ్ 2.4 అని రాసి ఉండేది. రాయి మీద రుద్దిన ప్రతిసారీ ఆఖరి అంకె ఒక్కటే కొట్టేసి, పక్కన కొత్తది రాసేవాళ్లు: 2.4, 2.45, 2.5.